తుపాకీ మూతి మీద మూడు గీతలు

అన్నయ్య పోయిన నాలుగో నెలలో ఆయన కొడుకు చంటి నాకు ఫోను చేశాడు. రాజమహేంద్రవరంలో మా అపార్ట్‌మెంట్ బాల్కనీలో, కడియం నుంచి తెచ్చుకున్న మల్లె అంటుకి మట్టి సర్దుతున్నాను అప్పుడు. "అత్తా, పోలీస్ స్టేషన్ నుంచి కబురొచ్చింది. తాతయ్యగారి రైఫిల్ లైసెన్సు నాన్న పేరు మీదే ఉందంట కదా. శుక్రవారంలోగా తెచ్చి అప్పజెప్పమంటున్నారు. నాకు దాన్ని ముట్టుకోవాలంటేనే అదోలా ఉంది. నువ్వొకసారి రాగలవా?" అన్నాడు. చంటి ఎరువుల కొట్టు నడుపుతాడు. గోడౌన్లో పాము కనిపిస్తే కర్రతో ఎత్తి అవతల పారేసి వచ్చి టీ తాగే రకం. అలాంటివాడు కూడా ఆ వస్తువంటే జంకుతున్నాడు, ఎందుకో తనకే తెలియదు. మా ఇంట్లో దాని గురించి ఎవరూ మాట్లాడరు, పెద్దవాళ్ళు మాట్లాడనివాటికి పిల్లలు భయపడతారు. వస్తానన్నాను. ఫోను పెట్టేశాక చేతులకున్న మట్టి కడుక్కోకుండా చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను.

మర్నాడు పొద్దున్నే ఊరికి వెళ్ళాను. మా ఊరు వశిష్ఠ గోదావరి గట్టు కింద ఉంటుంది. రైఫిల్ నాన్నగారి బీరువాలో, పాత దుప్పటిలో చుట్టి, నవారుతో కట్టి ఉంది. ఆ ముడి నాన్నగారు వేసిందే. అన్నయ్య లైసెన్సు తన పేరుకి మార్పించుకున్నాడే గాని, ఆ మూటని ఒక్కనాడూ విప్పలేదు. చంటి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. నేను ముడి విప్పితే కొబ్బరినూనె ముక్కిపోయిన వాసన గుప్పుమంది. కర్రనీ ఇనుమునీ చూడలేదు నేను, తిన్నగా గొట్టం చివరికి వెళ్ళి మూతి అంచు చుట్టూ వేలు తిప్పాను. ఒకటి, రెండు, మూడు. ఉన్నాయి, ఎక్కడికి పోతాయి? "ఏంటత్తా చూస్తున్నావ్?" అన్నాడు చంటి. "స్టేషన్‌కి తర్వాత పోదాం, ముందు తణుకు పోనీ" అన్నాను. ఆ గీతలు ఎవరు గీశారో తెలిసిన మనిషిని ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలాను. వాటివల్ల పేరు పోగొట్టుకున్న మనిషి తణుకులో ఇంకా బతికే ఉన్నాడని మాత్రం విన్నాను.

నా చిన్నప్పుడు ఆ రైఫిల్ నాన్నగారి గదిలో, కావిడి పెట్టె పక్కన మూలకి ఉండేది. తలకిందులుగా, మూతి నేలకి ఆనించి. అది నాయనమ్మ పెట్టిన నియమం. ఇంట్లో తుపాకీ ముఖం నేల చూడాలి గాని మనుషుల్ని గాని ఇంటి కప్పుని గాని చూడకూడదనేది ఆవిడ. నాన్నగారు మామూలుగా ఎవరి మాటా వినే మనిషి కాదు, కాఫీలో పంచదార చాలకపోతే గ్లాసు అరుగు మీదనుంచే వీధిలోకి గిరాటు పెట్టేవారు. అయినా తల్లి నియమానికి మాత్రం ఎదురు చెప్పలేదు. తాతయ్య పోయాక ఆ రైఫిల్ ఆయనకి వచ్చింది. గోదావరి మధ్య లంకలో మా చెరుకు తోట మీద పడే అడవిపందుల కోసం ఇచ్చిన లైసెన్సు అది. ఇంట్లో రోజూ అదొక మనిషిలా ఉండేది. ఇల్లు ఊడ్చే మనిషి ఆ మూల దగ్గరికి వచ్చేసరికి మాట ఆపేసేది.

దసరాకి ఆయుధపూజ నాయనమ్మే చేసేది. నాగలి కర్రుకి, కొడవళ్ళకి, ఆయిలింజనుకి, కత్తిపీటకి కూడా పసుపూ కుంకుమా పెట్టి, నిమ్మకాయలు కోసి అద్దేది. తుపాకీకి మాత్రం వేరే మర్యాద. దాన్ని ఆ ఒక్కరోజూ తిన్నగా నిలబెట్టించి, సగం నిమ్మచెక్క మూతి మీద అదిమి, ఎర్రగుడ్డతో కట్టేసేది. మిగతావాటివి మర్నాడే తీసేసేవారు. తుపాకీ మీది నిమ్మచెక్క నాగులచవితి దాకా ఉండేది, ఎండి, నల్లబడి, అంటుకుపోయి. ఎవరైనా తీయబోతే "అమ్మవారికిచ్చిందిరా, నీ ఇష్టమేనా?" అని కసిరేది. ఇక ఎవరు తీస్తారు? అలా ఎన్ని దసరాలు గడిచాయో, నాన్నగారి గురి ఊళ్ళో నవ్వులాటయిపోయింది. ఆయన కాలిస్తే గుండు ఎటు పోతుందో గోదావరికే తెలియాలి. మా కొబ్బరికాయలు దింపే సూరన్న, పందులకి కాపలా కూడా అతనే, ఒకసారి నాన్నగారి మొహం మీదే అన్నాడు. "ఆయ్, పందులు మన తుపాకీ చప్పుడుకి అలవాటు పడిపోయాయండి. చప్పుడైతే మేత మొదలెట్టమన్నారనుకుంటున్నాయండి." నాన్నగారు కోప్పడలేదు, నవ్వేశారు. తుపాకీ వంకరదని అందరికీ తెలుసు గనక, ఆయన ఎప్పుడు తుపాకీ గుర్రం లాగి గురిపెట్టినా లంకలో ఉన్నవాళ్ళంతా ఆయన వెనక్కి వచ్చి నిలబడేవాళ్ళు. చుట్టుపక్కల మనిషి కనిపిస్తే ఆయనా కాల్చేవారు కాదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, నా కథంతా దీని మీదే ఉంది.

ఆ ఏడు పందులు చెరుకుని పీకి పారేశాయి. కోతకి ఇంకా మూడు నెలలుండగానే నాలుగెకరాలు నేలమట్టమయ్యాయి. నాన్నగారు రైఫిల్‌ని గోనెసంచిలో చుట్టి, తణుకులో సత్యం మేస్త్రి లేతు షాపుకి బయలుదేరారు. బడికి సెలవలు, నేను వెంటపడ్డాను. నాకు పదమూడేళ్ళు. సత్యం మేస్త్రికి అప్పుడు ముప్పై కూడా లేవేమో, సన్నగా, చెవి మీద పెన్సిలుతో ఉండేవాడు. మిల్లుల షాఫ్టులూ పంపుసెట్లూ ఆయన దగ్గరికే వచ్చేవి. షాపంతా కాలిన నూనె, తడి ఇనప రజను వాసన. ఆయన రైఫిల్ మూతిని భూతద్దంలో చూసి, "అయ్యబాబోయ్, ఏంటండి ఇది, చీమలు తిన్నట్టుంది!" అన్నాడు. తర్వాత అంతవరకూ నాకు ఎవరూ చేయని పని చేశాడు. ఆడపిల్లనని అవతలకి పొమ్మనకుండా, పిలిచి చూపించాడు.

"చూడండి అమ్మాయిగారూ. గుండు గొట్టం లోపల ఎంత తిన్నగా వచ్చినా, బయటికొచ్చే ఆఖరి అంచు దగ్గరే దాని దారి తేలిపోద్దండి. వెనకాల పొగ తరుముకొస్తా ఉంటది కదా. అంచు చుట్టూ సమానంగా ఉంటే పొగ అన్నిపక్కలా ఒక్కసారే వదిలేస్తది. ఒక పక్క తినేసుంటే ముందు అక్కడ తన్నుకుపోద్ది, గుండుని పక్కకి తోసేస్తది. ఇంత గొట్టంలోనూ ప్రాణం ఈ గోరంత అంచులో ఉందండి." దూది కొంచెం తీసి పుల్లకి చుట్టి, మూతి లోపలినుంచి బయటికి మెల్లగా లాగి చూపించాడు. అంచు తిన్నచోటల్లా దూది పోగు పట్టుకుని నిలబడిపోయింది. తర్వాత గొట్టాన్ని లేతుకి బిగించి, మూతిని వెంట్రుకవాసి చొప్పున చెక్కి, లోపలి అంచుని ఏటవాలుగా దిద్దాడు. చివర్లో గుండ్రటి తలున్న ఇత్తడి మరమేకుకి ఇంజను వాల్వులకి వాడే గరుకు పేస్టు రాసి, చేత్తోనే అటూ ఇటూ ఊపుతూ మెరుగు పెట్టాడు. పూర్తయ్యాక పుల్ల నా చేతికిచ్చాడు. దూది ఎక్కడా తగల్లేదు. నా జన్మలో ఒక పని అంత శుభ్రంగా పూర్తవడం అదే మొదటిసారి చూడటం. ఆయనంటే నాకు అప్పటికప్పుడు పూజ్యభావం కలిగింది, దాచడమెందుకు.

వచ్చే దారిలో గోదావరి ఇసుకలో చెక్కపలక పాతి పరీక్ష చేశారు. పోయినేడు అదే దూరం నుంచి నాన్నగారు కాలిస్తే గుళ్ళు చేటంత మేర చెల్లాచెదురుగా పడ్డాయి, అవీ ఎడమకి. ఇప్పుడు మూడు గుళ్ళూ పౌడరు డబ్బా మూతంత చోట పడ్డాయి. నాన్నగారు ఆ మూడు కన్నాల మీదా వేలు పెట్టి చూసుకున్నారు. నవ్వుతారనుకున్నాను, నవ్వలేదు. నడక మాత్రం మారింది. ఇంటికి వెళ్ళేదాకా ఆయన రైఫిల్‌ని గోనెలో చుట్టలేదు, భుజాన వేసుకుని గట్టు మీద నడిచారు. దారిలో మనుషులు నవ్వుతూ పలకరించబోయి, ఆయన మొహం చూసి దారి ఇచ్చారు. నాకేదో బెదురు పుట్టింది. అదేమిటో చెప్పడానికి మాటలు లేని వయసు.

ఇంటికి రాగానే ఎగురుకుంటూ వెళ్ళి నాయనమ్మతో చెప్పాను, తుపాకీ ఇప్పుడు తిన్నగా తగులుతోందని. ఆవిడ చింతపండు గింజలు తీస్తోంది. చెయ్యి ఆగిపోయింది. "ఎవరు బాగుచేశారే?" అంది. చెప్పాను. మళ్ళీ గింజలు తీయడం మొదలుపెట్టింది. దసరా వచ్చింది. నాన్నగారు పూజకి ముందే ఆజ్ఞ జారీ చేశారు. మూతికి నిమ్మకాయ తగలకూడదు, మేస్త్రి చెప్పాడు, కావలిస్తే కర్రకి బొట్టు పెట్టుకోండి, ఇక నుంచి ఇది తిన్నగానే నిలబడుతుంది అని. నాయనమ్మ నిమ్మచెక్కని పళ్ళెంలో పెట్టేసి, కర్రకి బొట్టు పెట్టి లేచిపోయింది. మర్నాడు మధ్యాహ్నం మగవాళ్ళంతా పొలం వెళ్ళాక నన్ను వంటింట్లోకి పిలిచింది. అప్పుడు చెప్పింది నాకు, అన్నయ్యకి కూడా చెప్పని మాట.

తాతయ్య గురి తప్పేది కాదట. నేను పుట్టకముందు ఒక సాయంత్రం, చెరుకులో కదిలింది పందనుకుని కాల్చారట. గడ్డి కోసుకుంటున్న మనిషి. ఇద్దరు పిల్లల తల్లి, అక్కడే పోయిందట. పెద్దలు కూర్చుని మాట్లాడి కప్పెట్టేశారట. తాతయ్య మళ్ళీ మామూలుగా భోజనం చేశారట, అదే నాయనమ్మ తట్టుకోలేకపోయింది. తుపాకీ పారేయమంటే ఎవరూ వినరు. "నిమ్మకాయ ఊరగాయ ఇనప గిన్నెలో పెట్టకూడదని ఏ ఆడదానికి తెలియదే?" అంది. "అమ్మవారి పేరు చెప్పి పెట్టాను. ఆవిడ ఏమనుకున్నా సరే." అప్పటికి నాకు అర్థమైంది, ఇన్ని దసరాలూ ఆవిడ చేసింది పూజ కాదని, నిమ్మపులుపుతో మూతిని తినిపించడమని. ఇత్తడి పెట్టెలోంచి చిన్న ఆకురాయి తీసింది, కత్తిపీట సాన పెట్టుకునేది. "నాకు కళ్ళు ఆనవు. ఎక్కడ గీస్తే చెడుతుందో నువ్వు చూశావు కదా" అంది. చూశాను. మేస్త్రి నాకు పిలిచి మరీ చూపించాడు. ఆవిడ గుమ్మంలో కాపలా ఉంటే, నేను ఆ గోరంత అంచు మీద ఎడమ పక్క మూడు గీతలు లోతుగా రుద్దాను. మూడోసారికి చెయ్యి నొప్పి పుట్టింది. మంచిపని చేస్తున్నాననే అనుకున్నాను. నా అంత గొప్పది లేదనుకున్నాను కూడా. గీతల మీద కొబ్బరినూనె రాసేసింది నాయనమ్మ. గుళ్ళు లైసెన్సు మీద కొద్దిగానే ఇచ్చేవారు, ఊరికే కాల్చి చూసే అలవాటు లేదు. కాబట్టి ఎవరికీ తెలియలేదు.

చెరుకు కోతలు మొదలైన వారంలో, సాయంత్రం నాలుగింటికి, లంక వైపునుంచి ఒకే ఒక్క చప్పుడు వినిపించింది. నాయనమ్మా నేనూ పెరట్లో ఉన్నాం. ఆవిడ నా వైపు చూసింది. రెండో చప్పుడు కోసం ఆగాం, రాలేదు. పంది తగిలితే కేకలు వినిపించాలి, అవీ రాలేదు. చాలాసేపటికి రేవులో పడవ ఆగింది. నలుగురు మంచం మీద సూరన్నని మోసుకొస్తున్నారు. కుడి భుజం మీద కట్టిన తలగుడ్డలన్నీ తడిసిపోయి ఉన్నాయి. వెనకాల నాన్నగారు, రైఫిల్ ఎవరికీ ఇవ్వకుండా రెండు చేతుల్తో పట్టుకుని నడిచొస్తున్నారు.

ఆయన నాయనమ్మ ముందు నిలబడి చెప్పిన మాట నాకు అక్షరం మర్చిపోకుండా గుర్తుంది. "బారెడు ఎడం ఉందమ్మా. పంది ఇటు, సూరన్న దూరంగా ఆ గట్టు మీద. చూశాను, ఉన్నాడని చూసే కాల్చాను. ఆ తుపాకీతో డబ్బా మూత కొట్టాను నేను. ఎందుకు తప్పుతుందమ్మా?" మునుపైతే ఆయన కాల్చేవారు కాదు. మునుపైతే సూరన్న అక్కడ నిలబడేవాడూ కాదు. వంకరని తెలిసిన తుపాకీ ఇన్నేళ్ళు ఎవరినీ గాయపరచలేదు. తిన్నగా ఉందని అందరూ నమ్మాక, దాన్ని నేను దొంగచాటుగా వంకర చేశాను. ఆ తేడా నాయనమ్మకి తట్టలేదు, నాకూ తట్టలేదు. సూరన్న బతికాడు. ఆ చెయ్యి మాత్రం మళ్ళీ పైకి లేవలేదు. చెట్టెక్కి కొబ్బరికాయలు దింపేవాడికి చెయ్యి లేకపోతే ఏం మిగులుతుంది? చివరిదాకా మా పశువుల పాకలో కూర్చుని ఎడమచేత్తో తాళ్ళు పేనాడు. నేను కనిపిస్తే "ఆయ్, అమ్మాయిగారూ, బడికా అండి?" అనేవాడు. నేను ఆ దారిన వెళ్ళడం మానేశాను.

నాన్నగారు తనని తాను తిట్టుకోవడం చేతకాని మనిషి. మేస్త్రి పని చెడగొట్టాడన్నారు. నలుగురిలో అన్నారు, సంతలో అన్నారు, తణుకు మిల్లుల దగ్గరా అన్నారు. ఆయన మాటకి బరువుండేది. సత్యం మేస్త్రి సైకిలు మీద మా ఇంటికి వచ్చాడు. అరుగు కింద నిలబడి, "బాబుగారూ, ఒక్కసారి మూతి చూడనివ్వండి. నా తప్పైతే ఇక్కడే ఒప్పుకుంటాను" అన్నాడు. నాన్నగారు పొమ్మన్నారు. వారానికి మళ్ళీ వచ్చాడు. మళ్ళీ అదే మాట. మూడోసారి వచ్చినప్పుడు నాన్నగారు లోపలినుంచి తలుపేసుకున్నారు. నేను కిటికీ దగ్గర ఉన్నాను. మేస్త్రి నన్ను చూసి, "అమ్మాయిగారూ, మీరు దూది పెట్టి చూశారు కదండి, మీరైనా చెప్పండి" అన్నాడు. నేను కిటికీ రెక్క మూశాను. ఆ రెక్క గొళ్ళెం పడిన చప్పుడు నాకు ఇప్పటికీ వినబడుతుంది. నాయనమ్మ ఆకురాయిని కాలవలో పారేసింది, మరుసటి దసరా రాకముందే కన్నుమూసింది. పోయేముందు నా చెయ్యి పట్టుకుని ఏదో చెప్పబోయి, గదిలో నాన్నగారు ఉండటం చూసి ఊరుకుంది.

అప్పటి మా ఇంటిని తలుచుకుంటే పెరుగు చిలికే కవ్వం చప్పుడూ, బెల్లం వండే వాసనా గుర్తొస్తాయని అందరూ రాస్తారు. నాకూ గుర్తొస్తాయి. వాటితోపాటు, ఆ ఇంట్లో ఎవరూ ఎవరికీ నిజం చెప్పుకోలేకపోవడం కూడా గుర్తొస్తుంది. ఆడవాళ్ళకి నోరు లేదు గనక పసుపు కుంకుమల వెనక దాక్కున్నారు. మగవాళ్ళకి నోరుంది గనక ఇంకొకరి మీద వేశారు. ఇప్పుడు మా అపార్ట్‌మెంట్లో లిఫ్టు ఆగినా వాట్సాప్‌లో అరగంట పోట్లాడుకుంటారు. ఒక్కోసారి విసుగొస్తుంది గాని, అదే నయమనిపిస్తుంది. కాలం మారిందని సంతోషించే హక్కు మాత్రం నాకు లేదు. నాన్నగారు బతికినన్నాళ్ళూ, ఆయన పోయాక ఈ ఇరవై ఏళ్ళూ, అరవై ఆరేళ్ళు వచ్చేదాకా నోరుండీ ఊరుకున్నదాన్ని నేనే.

తణుకులో లేతు షాపు అదే సందులో ఉంది. ఇప్పుడు మేస్త్రి కొడుకు రాంబాబు నడుపుతున్నాడు, యాభై దాటిన మనిషి. మేస్త్రి లోపల కుర్చీలో కూర్చుని ఉన్నారు. చూపు పూర్తిగా పోయింది. చంటి కారు తలుపు పక్కన మూటతో నిలబడ్డాడు. స్టేషన్ వాళ్ళిచ్చిన కాగితం అతని జేబులో ఉంది, అయినా దారిలో ఇలా ఆగడం తప్పేనని నాకు తెలుసు. "మేస్త్రిగారూ, నేను గోదావరి గట్టు మీది రైఫిల్ వాళ్ళ అమ్మాయినండి" అన్నాను. ఆయన మొహం నా గొంతు వైపు తిప్పారు. తర్వాత, "మూతి చూడనివ్వడానికి తెచ్చారాండి?" అన్నారు.

చంటి మూట విప్పాడు. దూది అడిగారు. పుల్లకి చుట్టి, మూతిని తడుముకుంటూ లోపలినుంచి బయటికి లాగారు. దూది ఒకచోట ఆగింది, ఇంకోచోట, మరోచోట. ఆయన పుల్లని పక్కకి చాచి, "ఒరేయ్ రాంబాబూ, ఇటు రా. నువ్వు చూడు" అన్నారు. రాంబాబు వచ్చి, చూసి, టార్చి వేసి మళ్ళీ చూశాడు. "ఇది లేతు పని కాదు నాన్నా. మంచి పని మీద ఎవరో ఆకురాయితో రుద్దారు. మూడు గీతలు." లేతు తిరుగుతోంది. "వినపడలేదురా, గట్టిగా చెప్పు" అన్నారు మేస్త్రి. రాంబాబు స్విచ్చి ఆపి, షాపులో ఉన్న కుర్రాళ్ళు ముగ్గురూ తిరిగి చూసేలా మళ్ళీ చెప్పాడు. మేస్త్రి గుడ్డి కళ్ళు తుడుచుకున్నారు. "మా నాన్న పని వల్ల ఒకడి చెయ్యి పోయిందని చిన్నప్పుడు బళ్ళో నన్ను అనేవారండి" అన్నాడు రాంబాబు నాతో. "ఎవరు చేశారండి ఇది?"

"నేనే" అన్నాను. "మీ నాన్నగారు నాకు చూపించిన చోటే." నాయనమ్మ పేరు ఎత్తలేదు. చంటి నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూస్తున్నాడు. ఆ గుండు ఆ గీతల వల్లే తప్పిందంటారా అని మేస్త్రిని అడిగాను. ఏం జవాబు ఆశించానో నాకే తెలియదు. "అది నేను చెప్పలేనమ్మా. నేను అక్కడ లేను. నేను చేసిన మూతి ఎలా ఉందో మాత్రం చెప్పగలను" అన్నారు. తర్వాత, "అప్పుడు మీకెన్నేళ్ళు?" అన్నారు.

"పదమూడండి."

ఆయన దూది పుల్లని వెతుక్కుని నా చేతిలో పెట్టారు. "పదమూడేళ్ళ పిల్లది తప్పు కాదులేమ్మా" అన్నారు. అరవై ఆరేళ్ళ దాని గురించి ఏమీ అనలేదు.